ల్యాబక్క గొంతు కొలుచుకున్న మూడు వారాలు

ఫిజిక్స్ ల్యాబు తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. ఉదయం ఎనిమిదింటికి వచ్చి కిటికీలు తెరుస్తుంది, బల్లలు తుడుస్తుంది, ఆ రోజు ఏ ప్రయోగముందో చూసి ఒక్కో బల్ల మీద కావలసిన సామాను సర్దిపెడుతుంది. పిల్లలు వెళ్లేటప్పుడు ఏదీ పగలకుండా, ఏదీ జేబులోకి పోకుండా చూసి మళ్లీ బీరువాలో పెడుతుంది. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. అసలు పేరు జీతాల పట్టీలో ఉంది గానీ పిల్లలకూ మేష్టర్లకూ కూడా ఆమె ల్యాబక్కే.

వయసు నలభై నాలుగు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గొంతు మాత్రం ఆ మనిషిలోంచి వస్తున్నట్టు ఉండదు. ఫోనులో "హలో" అంటే అవతలివాళ్లు "చెప్పండి సార్" అంటారు. కాదని సరిదిద్దడం ఆమె ఎప్పుడో మానేసింది. వాళ్ల అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్లి కుదిరిన కొత్తలో ల్యాబక్క వాళ్లింటికి ఫోన్ చేస్తే ఆవిడే ఎత్తి, "మా అబ్బాయి ఇంట్లో లేడు బాబూ, సాయంత్రం చెయ్యి" అని పెట్టేసింది. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఈ ముచ్చట చెప్పి నవ్వుతుంది. కోడలు కూడా కలిసి నవ్వుతుంది.

ఆమె ఎప్పుడూ పాడింది లేదు. ఆరో తరగతిలో ఉన్నప్పుడు పొద్దుటి ప్రార్థన పాడే వరసలో నిలబెట్టారు. పాటల టీచరు ఒక్కొక్కరి ముందూ ఆగి వింటూ వచ్చి, ఈమె దగ్గర చెవి వంచి, "నువ్వు ఊరికే పెదాలు కదుపు, చాలమ్మా" అంది. ఆవిడేం కోపంగా అనలేదు. ఈమె ఏడవనూ లేదు. మిగతా ఐదేళ్లూ పెదాలు కదిపింది. పాట రాకపోవడం ఆమెకు ఎడమచేతి వాటంలాంటి మామూలు సంగతైపోయింది.

ఒక సోమవారం, మధ్యాహ్నం బ్యాచి ఇంకా రాకముందు, రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె చేతిలో కాగితాల కట్టతో వచ్చింది.

"అక్కా, కాస్త టేపు ఇస్తారా? మీ తలుపు మీద ఇది అంటించాలి."

ల్యాబక్క టేపు ఇచ్చి, కాగితం చదివింది. కాలేజీ బృందగానంలో చేరదలచుకున్నవారికి మూడు వారాల తర్వాత ఆడిషన్. విద్యార్థులు, అధ్యాపకులు, సిబ్బంది, ఎవరైనా రావచ్చు. ఒకటి, మీకు నచ్చిన పాట పాడాలి. రెండు, పియానో మీద వాయించిన స్వరాలు విని అలాగే పలకాలి. మూడు, తాళం విని చప్పట్లతో తిరిగి వెయ్యాలి.

"సిబ్బంది అంటే?"

"అందరూ అక్కా. ఆఫీసువాళ్లు, లైబ్రరీవాళ్లు. పోయినేడు కామర్సు సార్ కూడా చేరారు. మీరూ రండి."

"నాకు పాట రాదమ్మా."

"రాదని ఎవరన్నారు?" అంది ఆ అమ్మాయి, పళ్లతో టేపు తెంపుతూ. జవాబు కోసం ఆగలేదు. పక్క ల్యాబు తలుపుకు అంటించడానికి వెళ్లిపోయింది. టేపు తిరిగి తెచ్చి ఇవ్వనూ లేదు.

ఆ ప్రశ్న మాత్రం ల్యాబక్కను వదల్లేదు. ఎవరన్నారు? ఒక్క మనిషి అంది. ఒక్కసారి, ఒక్క నిమిషం విని. ఏ కొలతైనా మూడుసార్లు తీసి సగటు రాయండర్రా అని రోజూ పిల్లల వెంటపడే మనిషి తను. ఒక్క రీడింగు తీసి రికార్డు నింపేసినవాడిని ఎన్నిసార్లు వెనక్కి పంపిందో. మరి తన గొంతు విషయంలో ఆ ఒక్క రీడింగుతోనే ముప్పై ఏళ్లకు పైగా ఎలా సరిపెట్టుకుంది? తలుచుకుంటే ఆమెకు బాధ కలగలేదు. వింతగా అనిపించింది.

మర్నాడు ఎనిమిదింపావుకు, ఊడవడం అయ్యాక, బీరువాలోంచి ట్యూనింగ్ ఫోర్కుల పెట్టె తీసింది. ఇంగ్లీషు యు అక్షరానికి కింద కాడ పెట్టినట్టుండే ఎనిమిది ఇనప ముక్కలు. ఒక్కోదాని మీద ఒక్కో అంకె చెక్కి ఉంటుంది. 256 నుంచి 512 దాకా. ఆ ఫోర్కు సెకనుకు అన్నిసార్లు ఊగుతుందని అర్థం. అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నబడుతుంది. పిల్లలకు వాటిని వేలసార్లు ఇచ్చింది, వేలసార్లు తీసుకుంది. తనకోసం ఒక్కసారీ మోగించుకోలేదు.

256ను రబ్బరు దిమ్మె మీద కొట్టి, కాడను చెవి వెనక ఎముకకు ఆనించుకుంది. తలంతా మోగింది. నోరు మూసుకుని అదే శబ్దం తీయబోయింది. మొదట రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. వావ్ వావ్ వావ్ అని చెవిలో ఏదో ఊగింది. గొంతు కాస్త పైకి జరిపితే ఆ ఊగులాట నెమ్మదించింది. ఇంకాస్త జరిపితే ఇంకా నెమ్మదించింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏది ఫోర్కో ఏది తనో తెలియలేదు.

ఆమె ఫోర్కు తీసి చూసుకుంది. మళ్లీ కొట్టింది. మళ్లీ ఆగింది. మూడోసారీ ఆగింది.

అంటే తన చెవి పనిచేస్తోంది. గొంతు చెప్పిన మాట వింటోంది.

288, 320, 341 కూడా కలిశాయి. 384 దగ్గర మెడ నరాలు బిగుసుకున్నా కలిసింది. 426 దగ్గర కీచుమంది తప్ప గొంతు రాలేదు. పైకి ఎంతదాకా వెళ్లగలదో తెలిసింది. కిందికి చూద్దామంటే ఫోర్కులన్నింట్లోకీ చిన్న అంకె 256. దాని కింద తన గొంతుకు ఇంకా బోలెడు చోటుంది. అది ఎంతో తెలిసే దారి లేదు.

ఫిజిక్స్ హెడ్డు గారు ఇంకో రెండేళ్లలో రిటైరవుతారు. అందరికంటే ముందొచ్చి పేపరు చదువుకోవడం ఆయన అలవాటు. ల్యాబక్క గుమ్మంలో నిలబడి అడిగింది.

"సార్, రెండొందల యాభై ఆరు కంటే తక్కువ ఫోర్కులు మనకి లేవాండీ?"

"లేవు. దేనికమ్మా?"

తుడవడానికని ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ ఆమెకు అబద్ధం నోటికి రాలేదు. "నా గొంతు ఎంత కిందికి వెళ్తుందో చూసుకుందామని."

హెడ్డు గారు పేపరు మడిచారు. నవ్వలేదు. "సోనోమీటరు ఉందిగా? పంతొమ్మిదేళ్లుగా ఆ పెట్టె తుడుస్తున్నారు, నేను చెప్పాలా మీకు?" అని లేచి ఆమె వెంట నడిచారు.

సోనోమీటరు అంటే మీటరు పైగా పొడవున్న బోలు చెక్కపెట్టె. దాని మీద బిగించి కట్టిన తీగ ఒకటి. తీగ కింద ముందుకూ వెనక్కూ జరిపే రెండు చెక్కముక్కలు. వాటి మధ్య ఉన్న తీగే మోగుతుంది. హెడ్డు గారు తీగ చివర వేలాడే బరువులు మార్చి, 256 ఫోర్కుకు తీగ సరిగ్గా ముప్పై సెంటీమీటర్ల దగ్గర కలిసేలా చేశారు.

"ఇప్పుడు పొడవు రెట్టింపు చేస్తే అంకె సగమవుతుంది. అరవై దగ్గర నూట ఇరవై ఎనిమిది. మధ్యలో ఎక్కడున్నా లెక్క కట్టుకోవచ్చు. మీ గొంతు ఎక్కడ ఆగితే అక్కడ స్కేలు చూడండి."

ఆయన పేపరు దగ్గరికి వెళ్లిపోయారు గానీ, పేజీ తిప్పిన చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించలేదు.

ఆమె తీగ మీటుతూ, పలుకుతూ, చెక్కముక్క జరుపుతూ పోయింది. నలభై. నలభై ఐదు. యాభై. యాభై ఐదు దగ్గర కూడా గొంతు నిండుగానే ఉంది. యాభై ఎనిమిది దగ్గర అంచున నిలబడ్డట్టయింది. అరవై దగ్గర ఉత్త గాలి. మూడు రోజులు, రోజుకు మూడుసార్లు తీసి, ఎవరో వదిలేసిన రికార్డు పుస్తకం వెనక పేజీలో సగటు రాసుకుంది. నూట ముప్పై రెండు నుంచి మూడొందల ఎనభై నాలుగు.

హెడ్డు గారు ఆ పేజీ చూసి, "ఆడవాళ్లలో ఇంత కింది గొంతు అరుదనుకుంటా. నాకు సంగీతం తెలీదు. ఈ అంకె మాత్రం నిజం" అన్నారు.

ఇక పాట కావాలి. చిన్నప్పట్నుంచీ వింటున్న పాత సినిమా పాట ఒకటి ఆమెకు మొదట్నుంచి చివరిదాకా వచ్చు. ఆదివారం పొద్దున్నే వంటింట్లో అత్తగారు బీన్స్ ఈనెలు తీస్తుంటే ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, నేనొక పాట పాడతాను, వింటారా?"

"నువ్వా?" అత్తగారు చేతిలో కాయ కింద పెట్టింది. "పాడు, పాడు."

ఆవిడ కళ్లు మూసుకుని తల కొంచెం పక్కకు వంచింది. చెవికి గొట్టం తగిలించుకుని ముప్పై ఏళ్లు కూర్చున్న పద్ధతి అది. కోడలు పాట ఎత్తుకుంది. రెండు చరణాలు గట్టెక్కాయి. మూడోది పైకి లేచే చోట గొంతు చీలిపోయి ఆగింది.

"ఇంకోసారి."

మళ్లీ అక్కడే ఆగింది.

"ఒక్కచోటే పోతోందే," అంది అత్తగారు కళ్లు తెరిచి. "లైను బావుంది. మధ్యలో స్తంభం ఒకటి కూలింది."

రెండుసార్లూ ఒక్కచోటే పోయిందన్న మాట ల్యాబక్కకు చాలా నచ్చింది. పొరపాటు ఎటు పడితే అటు పోకుండా ఒకేచోట వస్తోందంటే దానికో కారణం ఉంటుంది. సోమవారం పొద్దున తీగ మీద ఆ పాటను వెతుక్కుంటూ వెళ్లింది. తను మొదలుపెట్టే చోటు ముప్పై సెంటీమీటర్ల దగ్గరుంది. పాటలో అన్నింటికంటే పై చోటు పదహారు దగ్గరుంది. తన గొంతు ఇరవై దగ్గరున్న 384 దాటి పైకి పోదు. ఎంత గింజుకున్నా పోదు. కానీ అదే పాటను నలభై దగ్గర ఎత్తుకుంటే? లెక్క కట్టింది. పై చోటు ఇరవై ఒకటికి వచ్చి ఆగుతుంది.

ఎవరూ లేని ల్యాబులో నలభై దగ్గర తీగ మీటి, అక్కడ అందుకుంది. మూడో చరణం పైకి లేచింది. గొంతు దానివెంట వెళ్లింది. చివరిదాకా వెళ్లి దిగింది.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. ప్రార్థన వరసలో అందరు ఆడపిల్లలూ వాళ్లకు వీలైన చోట పాడేవారు. తన గొంతుకు అక్కడ చోటే లేదు. ఆ టీచరు విన్నది నిజమే అయ్యుంటుంది, తను తప్పే పాడి ఉంటుంది. ఎందుకు తప్పిందో మాత్రం ఇద్దరూ చూసుకోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కొత్త చోటునుంచి పాడింది. ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి స్నానం చేస్తున్నాడు. తల తుడుచుకుంటూ బయటికొచ్చి, "ఇందాక రేడియోలో పాడిందెవరు? బావుంది" అన్నాడు.

"ఎవరనుకున్నావు?" అంది వాళ్లమ్మ.

"ఎవరో మగాయన."

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. కాసేపటికి సంగతి తెలిసి అతను మాత్రం నవ్వలేదు. "మళ్లీ పాడు," అని తువ్వాలుతోనే కుర్చీలో కూర్చున్నాడు.

మిగతా రెండు పరీక్షలకు అత్తగారు తనే మాస్టారైపోయింది. "మా ఎక్స్ఛేంజీలో నంబరు ఒక్కసారే చెప్తారు. మళ్లీ అడిగితే సూపర్‌వైజరు చూసే చూపుకి చచ్చిపోవాలి. మొత్తం ఒక్కసారే మింగాలని చూడకు. మూడు మూడు చేసి పెట్టుకో." రోజూ టీ తాగాక ఆవిడ ఏదో ఒక రాగం తీసేది, కోడలు దాన్ని మూడు మూడుగా విరిచి తిరిగి చెప్పేది. ఇది తొందరగానే వచ్చింది. తాళంతోనే తల ప్రాణం తోకకొచ్చింది. అత్తగారు గిన్నె మూత మీద గరిటెతో వాయించేది. కోడలి చప్పట్లు సగం దాకా బుద్ధిగా వెళ్లి, అక్కడ్నుంచి వాటి దారి అవి చూసుకునేవి.

"నీ చేతులు నీ మాట వినవేమే?"

"అదే నాకూ అర్థం కావట్లేదత్తయ్యా. గొంతు వింటోంది, చేతులు వినడం లేదు."

ఆడిషన్ రోజు మధ్యాహ్నం మూడింటికి హెడ్డు గారు ల్యాబు తాళాలు తనే తీసుకుని ఆమెను పంపేశారు. సంగీతం గది రెండో అంతస్తులో ఉంది. వసారాలో బెంచీ మీద ఇరవై ఏళ్ల లోపు పిల్లలు పన్నెండుమంది. కొందరు లేచి చోటిచ్చారు, ఆమె ఏదో సామాను తీసుకెళ్లడానికి వచ్చిందనుకుని ఒకడు "ఏం కావాలక్కా?" అన్నాడు. "పాడాలి," అంది ఆమె. వాడు పక్కకు జరిగాడు.

నింపడానికి ఫారం ఇచ్చారు. 'గొంతు రకం' అన్న చోట నాలుగు గళ్లు, నాలుగు పేర్లు ఉన్నాయి. రెండు ఆడవాళ్లవి, రెండు మగవాళ్లవి. తనదేదో ఆమెకు తెలియదు. ఏదీ గీయకుండా పక్కనే 132 నుంచి 384 అని రాసింది.

లోపల సంగీతం మాస్టారు పియానో ముందు కూర్చుని ఉన్నారు. జుట్టు నెరిసిన పెద్దమనిషి. పక్కన పేర్లు రాసుకోవడానికి, టేపు తీసుకెళ్లిన ఆ రెండో సంవత్సరం అమ్మాయి ఉంది. మాస్టారు ఫారం చూసి కళ్లజోడు పైకి నెట్టుకున్నారు.

"ఇదేంటమ్మా, ఫోన్ నంబరా?"

"కాదండీ, నా గొంతు."

ఆయన ఆమెనూ కాగితాన్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత పియానో మధ్య మెట్టు నొక్కారు. ఆమె పలికింది. ఒక్కో మెట్టే కిందికి దిగుతూ వచ్చారు. ఆమె దిగుతూ వచ్చింది. ఎనిమిదో మెట్టుకు వచ్చేసరికి గొంతు అంచు తగిలి ఆగింది. మాస్టారు ఫోను తీసి ఆ మెట్టు అంకె వెతికారు.

"నూట ముప్పై పాయింట్ ఎనిమిది," అన్నారు మెల్లగా. "రెండంకెలు కూడా తేడా లేదు. సరే, పాట పాడండి."

అంతకు ముందు పాడిన అమ్మాయి గొంతు ఇంకా చెవిలోనే ఉంది, సన్నగా, తీయగా. దాని వెంటే పోయి, ఆ ఎత్తులోనే పాట ఎత్తుకుంది. మొదటి చరణం సగంలోనే తెలిసిపోయింది, ఇలా వెళితే మూడో చరణంలో ఏమవుతుందో. ఆగిపోయింది.



"ఒక్క నిమిషం సార్. చోటు తప్పాను. మళ్లీ మొదలుపెట్టనా?"

"పెట్టండి."

కళ్లు మూసుకుని నలభై సెంటీమీటర్ల తీగను తలుచుకుంది. అక్కణ్నుంచి పాడింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. అయిపోయాక కళ్లు తెరిస్తే పేర్లు రాసుకునే అమ్మాయి పెన్ను గాల్లోనే ఉంది.

స్వరాలు ఐదుసార్లు వాయిస్తే నాలుగుసార్లు సరిగ్గా పలికింది. తాళం మూడుసార్లు వేస్తే రెండుసార్లు తప్పింది. రెండోసారి ఎంత ఘోరంగా తప్పిందంటే తనకే నవ్వొచ్చింది. మాస్టారు ఏదో రాసుకుని, "శుక్రవారం జాబితా పెడతాం" అన్నారు. ఆమె గుమ్మం దాటబోతుంటే వెనక్కి పిలిచారు.

"ఆ అంకెలు ఎలా తెలిశాయమ్మా మీకు?"

"సోనోమీటరు మీద చూసుకున్నానండీ."

"అదేంటి?"

మర్నాడు పదకొండింటికి ఆయన ల్యాబులో ప్రత్యక్షమయ్యారు. ఆమె ఫోర్కు కొట్టి ఇస్తే దవడకు ఆనించుకుని గొంతు కలిపారు. వావ్ వావ్ అన్న ఊగులాట నెమ్మదించి ఆగిపోతే చిన్నపిల్లాడిలా మళ్లీ కొట్టమన్నారు. "దీన్ని ముప్పై ఏళ్లుగా వింటున్నాను. ఇలా ఎముకలో పట్టుకోవచ్చని తెలీదు," అన్నారు. తీగ మీద తన గొంతు కూడా కొలిపించుకున్నారు. గంట కొట్టింది, ఆయన క్లాసు దాటిపోయింది, పిల్లలు వెతుక్కుంటూ వచ్చారు. జాబితా సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె అడగలేదు.

శుక్రవారం నోటీసు బోర్డు ముందు గుంపు పలచబడేదాకా ఆగి వెళ్లింది. ఆడవాళ్ల జాబితాలు రెండూ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివింది. తన పేరు లేదు. మూడోసారి కూడా చదివి, సరే అనుకుని వెనుదిరిగింది. తెలుసుకోవాల్సింది తెలుసుకున్నానుగా అని తనకు తనే చెప్పుకుంది.

"అక్కా! ఎక్కడికి? అటు కాదు, ఇటు చూడండి," అంటూ రెండో సంవత్సరం అమ్మాయి చెయ్యి పట్టి లాగింది.

మూడో జాబితాలో తొమ్మిది పేర్లున్నాయి. ఎనిమిది మగవాళ్లవి. ఏడోది తనది, ఇంటిపేరుతో సహా. తన పూర్తి పేరు అచ్చులో చూసి ఎన్నాళ్లయిందో.

తిన్నగా సంగీతం గదికి వెళ్లింది. "సార్, నన్ను మగవాళ్ల వరసలో వేశారు. పొరపాటేమో చూడండి."

"మగవాళ్ల వరస కాదమ్మా, అది ఆ ఎత్తు గొంతుల వరస. ఇన్నాళ్లూ మగవాళ్లే దొరికారు, అంతే. మీకేమన్నా ఇబ్బందా?"

"ఇబ్బందేం కాదండీ. తెలుసుకుందామని అడిగాను."

"తాళం మాత్రం గట్టిచేసుకోవాలి. ప్రతి మంగళవారం అందరికంటే అరగంట ముందు రండి, నేను చెప్తాను. బదులుగా ఆ తీగపెట్టె ఇంకోసారి చూపించాలి మరి."

మొదటి మంగళవారం ఆమె ఎనిమిదిమంది మధ్య నిలబడింది. కుడిపక్కన కామర్సు లెక్చరరు, బొద్దుగా ఉండే మనిషి. పాటలో ఒకచోట ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టుకోవాలి. మొదటిసారి ఆమె సగంలోనే ఊపిరి అయిపోయి ఆగింది. కానీ వరస ఆగలేదు, స్వరం అలాగే సాగింది. అందరికీ అంత ఊపిరి ఎక్కడిదని ఆశ్చర్యపోయింది. రెండోసారి పాడకుండా పక్కవాళ్లనే గమనించింది. ఒకడు పీల్చాడు. కాసేపాగి ఇంకొకడు. కామర్సు సార్ భుజాలు లేచి దిగాయి. ఎవరో ఒకరు ఎప్పుడూ ఆగుతూనే ఉన్నారు.

ఆయన ఆమె చూపు పట్టుకుని, పక్కకు వంగి గుసగుసగా చెప్పారు. "నేను పీల్చేటప్పుడు మీరు పట్టుకోండి. మీరు పీల్చేటప్పుడు నేను పట్టుకుంటాను. ఇద్దరం ఒకేసారి పీల్చకూడదు, అంతే."

మూడోసారి అలా చేశారు. ఆయన భుజాలు లేచినప్పుడు ఆమె గట్టిగా నిలబెట్టింది. ఆయన అందుకున్నాక తను వదిలి, తీరిగ్గా ఊపిరి తీసుకుని, మళ్లీ కలిసింది. ఎక్కడ వదిలిందో ఎక్కడ కలిసిందో వినేవాళ్లకు తెలిసే వీలు లేదు.

ఆరున్నరకు మాస్టారు పియానో మూత వేశారు. "వచ్చే వారం అందరూ పెన్సిళ్లు తెచ్చుకోండి."

"దేనికండీ?" అంది ల్యాబక్క.

"ఊపిరి ఎక్కడ పీల్చాలో కాగితం మీద గుర్తు పెట్టుకోడానికి."

ఊపిరికి కూడా గుర్తు ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు. "ఎలా ఉంటుంది సార్ అది?"

మాస్టారు జేబులోంచి పెన్సిలు తీసి, ఆమె చేతిలోని పాట కాగితం మీద, స్వరాలు రాసిన గీతలకు కొంచెం పైన, చిన్న కామా ఒకటి పెట్టి చూపించారు.